ఇల్లు పెరగాలి, మండువా మిగలాలి

గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి. చాలా ఇళ్లలో వారసులకు మమకారం ఉంది, చోటే చాలడం లేదు. పడకగదికి ఆనుకుని స్నానాలగది కావాలి, పెద్దవాళ్లకు ఎత్తు గడపలు దాటే బాధ తప్పాలి, పండక్కి వచ్చే పిల్లలకు పడక కావాలి. ఇవన్నీ న్యాయమైన అవసరాలే. వాటి కోసం ఇంటిని కూల్చాల్సిన పని లేదు.

ఆ ఇంటి ప్రాణం నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువాలో ఉంది. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుల కప్పు వాన నీటిని అక్కడికి చేరుస్తుంది. వేడిగాలి అక్కడి నుంచే పైకి పోతుంది. జాగా కలిసొస్తుందని దాని మీద స్లాబు పోస్తే వెలుతురూ గాలీ రెండూ పోతాయి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక గోడ దెబ్బతింటుంది.

కొత్త గదులను పెరటివైపు, పాత కప్పు ఎత్తు మించకుండా కట్టి, చిన్న వసారాతో కలపడం మేలు. కొత్త కట్టడం పాతదాన్ని గౌరవించాలి, అయినా కొత్తదని తెలియాలి. ఆస్ట్రేలియాలో 1979లో తొలిసారి ఆమోదించిన వారసత్వ సంరక్షణ పత్రం బుర్రా చార్టర్ నేటికీ చెబుతున్న సూత్రమిది.

తెలంగాణ 2017లో వారసత్వ చట్టం తెచ్చింది. కోటలు, గుళ్లపై ఉన్న శ్రద్ధ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరి ఇళ్లకూ దక్కాలి. పాత ఇంటిని నిలిపి విస్తరించుకునే కుటుంబాలకు పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటి పన్నులో రాయితీ ఇవ్వాలి. సున్నం పని, కొయ్యపని తెలిసిన మేస్త్రీలకు ప్రభుత్వాలు శిక్షణ ఇచ్చి పని చూపాలి. యజమానులు కూడా కూల్చివేతకు ఒప్పందం రాసుకునే ముందు, సంరక్షణ తెలిసిన ఆర్కిటెక్టుకు ఇల్లు ఒకసారి చూపించాలి.