రెండున్నర కిలోల సినిమా

"మీకేం సార్, సినిమా విలేఖరులు! పొద్దున స్టూడియో, మధ్యాహ్నం హీరోగారి పక్కన భోజనం, రాత్రికి ఫ్రీ పాసు మీద సెకండ్ షో!" అని కిందటి వారం నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు.

అయ్యా, వినండి. ఈ విలేఖరి ఉండేది హైదరాబాదు చిక్కడపల్లిలో, మూడో అంతస్తు మీద ఒంటి గదిలో. లేవగానే చేసే మొదటి పని కుళాయిలో నీళ్ళొచ్చాయో లేదో చూడటం. రెండో పని, అచ్చయిన వ్యాసానికి డబ్బొచ్చిందో లేదో చూడటం. నీళ్ళు మాత్రం సాధారణంగా వస్తాయి! ఏ పత్రికలోనూ జీతగాణ్ణి కాను, వ్యాసానికింత అని కూలి. హీరోగారి భోజనం మాట దేవుడెరుగు, మెస్సులో రెండోసారి పప్పు అడగాలంటేనే మొహం చూసుకోవాలి.

ఆదివారం మాత్రం నాది. ఆబిడ్సు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య గొంతుక్కూచుని 'విజయచిత్ర' పాత సంచికలు ఏరుకుంటాను. తర్వాత ఇరానీ చాయ్. సాయంత్రం ఆర్టీసీ క్రాస్ రోడ్సు. సంధ్య, దేవి, సుదర్శన్ల ముందు కటౌట్లు చూడటానికి టిక్కెట్టక్కర్లేదు కదా!

ఈ రాజ్యంలోకి 2022లో మా అక్క కొడుకు దిగాడు. మాది వినుకొండ దగ్గర నూజెండ్ల. మిర్చి, పత్తి, గుండ్లకమ్మ, మా అక్క గోంగూర పచ్చడి... అంతే మా వైభవం. వాడు డిగ్రీ పూర్తిచేసి, గ్రూప్-2 చదువుతానని పెట్టె సర్దుకుని వచ్చేశాడు. "నువ్వున్నావుగా అబ్బాయ్, కాస్త కనిపెట్టుకో" అంది అక్క. సినిమా రాసేవాడి దగ్గరికి చదువుకునేవాణ్ణి పంపటం... మా అక్క అమాయకత్వానికి ఏమనాలి?

వచ్చిన కొత్తలోనే, ఆ ఏడు డిసెంబరు 31న, 'ఖుషి' మళ్ళీ విడుదలైంది. అది మొదట వచ్చింది 2001లో. అప్పుడు నేను పన్నెండేళ్ళవాణ్ణి, బస్సెక్కి వినుకొండ వెళ్ళి చూసొచ్చాను. మావాడు పుట్టింది ఆ ఏడే! అలాంటివాడు హాల్లో ప్రతి మాటా తెర కంటే అర సెకను ముందే అప్పజెప్పాడు. కాయితాలు చించి ఎగరేశాడు. నేను ఒక్కణ్ణే ముసలాడిలా కూచున్నాను.

మా ఇద్దరికీ అభిప్రాయాలు కలవవు. వాడు ఫోనులో సినిమాని ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తాడు. "అట్టా చూస్తే పాట ఏమైపోతుందిరా?" అంటే, "పాట తర్వాత విడిగా వింటా మావా" అంటాడు. డైరెక్టరు ఏడాదిపాటు ఎడిటింగు గదిలో కూచుని కొలిచి పెట్టిన మౌనాన్ని వీడు బొటనవేలితో నెట్టేస్తాడు! దీని మీద ఒక రాత్రి రెండింటి దాకా పోట్లాడుకున్నాం. ఎవరూ గెలవలేదు. (నిజం చెప్పాలంటే, ఈమధ్య నేనూ ఒకటి అలాగే చూశాను. అది ఏ సినిమానో చెప్పను.)

కానీ చదువు దగ్గర వాణ్ణి వంక పెట్టలేం. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి, సీటు దొరకటమే ఒక పరీక్ష గనక ముందు దాన్ని పాసై, చీకటి పడ్డాక వచ్చేవాడు. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ రాశాడు, గట్టెక్కాడు. మెయిన్సు వాయిదా పడుతూ వచ్చింది. చదివిందే మళ్ళీ చదవడం ఎంత నరకమో ఆ ఏడు మా గది గోడలకి తెలుసు.

ఆ ఏడు డిసెంబరు 4 రాత్రి 'పుష్ప-2' ప్రీమియరు. మావాడు లైబ్రరీ నుంచి రాలేదు. పది దాటింది, ఫోనెత్తడు. నాకు కాళ్ళు ఆడలేదు. పదకొండింటికి వచ్చాడు. జనాన్ని చూసొద్దామని క్రాస్ రోడ్సు దాకా వెళ్ళి, మెట్రో స్టేషను దగ్గరే ఊపిరాడక వెనక్కి తిరిగాడట. ఆ రాత్రే సంధ్య దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె చిన్న కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు.

తెల్లారకముందే నూజెండ్ల నుంచి ఫోను. టీవీలో చూసిన అక్క, "పిల్లాడు యాడున్నాడు?" అని ఒక్క మాట అడిగింది. "పక్కనే పడుకున్నాడు" అన్నాను. "లేపి మాట్లాడించు" అంది. నా మాట నమ్మలేదు, ఆమె తప్పు కాదు. వాడు నిద్రమొహంతో "అమ్మా" అన్నాక గానీ ఆమె ఏడవలేదు. మొదటి రోజు, మొదటి ఆట, ఆ జనం, ఆ ఈలలు... వీటి మీద పదేళ్ళుగా ఎంత అందంగా రాశానో! ఆ ఉదయం ఒక్క వాక్యమూ గుర్తురాలేదు.

మెయిన్సు చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ముందురోజు రాత్రి దాకా జరుగుతుందో లేదో తెలియని గందరగోళం! గుంటూరులో రాసి, నూజెండ్ల వెళ్ళకుండా తిన్నగా గదికొచ్చేశాడు. అప్పటికి ఊళ్ళో మిర్చి ధర పడిపోయి ఉంది. బావ టిక్కీలు అమ్మాలా, కోల్డ్ స్టోరేజిలో పెట్టాలా అని తేల్చుకోలేక ఫోన్లో గొణుగుతున్నాడు. నెలాఖరుకి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించింది. అంటే కిలో సుమారు 118.

మర్నాడు నేను, "పరీక్ష అయిపోయిందిగా, పద, మల్టీప్లెక్సుకి పోదాం" అన్నాను. టిక్కెట్టు 295. మావాడు కాసేపు పైకి చూసి, "రెండున్నర కిలోలు మావా" అన్నాడు. సింగిల్ థియేటరుకి పోతే 177. "అది ఒకటిన్నర కిలో. అది చాల్లే."

నాకు నవ్వు రాలేదు. ఆ డబ్బు నేనిస్తానన్నా వాడి లెక్క మారలేదు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కూడా తూకం వేశాడు! ఇంతకీ ఆ సినిమా ఒక కిలో కూడా చెయ్యదని ఇద్దరం ఒప్పుకున్నాం. మూడేళ్ళలో మేం ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

ఉగాదికి ఇద్దరం నూజెండ్ల వెళ్ళాం. వాడి సంచిలోంచి ఒక చిన్న నోట్‌బుక్కు బావ చేతిలో పడింది. హైదరాబాదు వచ్చినప్పటి నుంచి చూసిన ప్రతి సినిమా పేరు, దానికెదురుగా టిక్కెట్టు ధర, పక్కనే కొత్త సిరాతో కిలోలు! బావ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాడు. మావాడు గోడకి కరుచుకుపోయాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏందిరా ఇది," అన్నాడు బావ చివరికి, "మంచికాయ రేటా, తాలుకాయ రేటా?"

మావాడు తల గోక్కున్నాడు. "అన్నిటికీ ఒకటే రేటు కట్టా నాన్నా."

"అట్టా ఎట్టా కుదురుద్ది? ఏది తాలో దాని పక్కన రాయి" అని పుస్తకం నా ఒళ్ళో పడేసి, "నువ్వు చెప్పవయ్యా, నీ పని అదేగా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద కూచుని ముగ్గురం మార్కులు పెట్టాం. బావ అందులో ఒక్కటీ చూడలేదు. కథ చెప్పించుకుని తేల్చేశాడు. నేను ఇదివరకు ఈ పేజీలోనే మెచ్చుకున్న నాలుగు సినిమాల పక్కన ఇప్పుడు "తాలు" అని ఉంది.