ముందు అదబ్, తర్వాతే ఇల్మ్

నేను ఏడో జమాత్‌లో ఉన్నప్పటి మాట. ఉర్దూ మీడియం బడి. లెక్కల పర్చాలో మా ఉస్తాద్ నాకు 4 నంబర్లు తక్కువ వేశారు. భయపడుతూనే వెళ్లి చూపించాను. ఆయన మళ్లీ కూడి చూసుకున్నారు. జమాత్ అంతా వింటుండగా "గల్తీ నాదే, మాఫ్ చెయ్ బేటా" అన్నారు. ఓ పెద్దాయన పిల్లాడిని మాఫీ అడగడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ ఏడాది లెక్కలు చాలావరకు మరిచిపోయాను. ఆ మాట మాత్రం మరవలేదు. ఇవాళ నా వార్తలో తప్పు దొర్లిందని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు దబాయించాలనే అనిపిస్తుంది. అంతలో ఆయన మొహం గుర్తొస్తుంది. సవరణ వేయమని డెస్కుకు చెబుతాను.

తర్బియత్ అంటే ఇదే. గోడ మీద మంచి మాటలు రాస్తే రాదు, చూస్తే వస్తుంది.

ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) చిన్నతనంలో చదువుకు బయల్దేరినప్పుడు, వాళ్లమ్మ తలకు అమామా చుట్టి, ఉస్తాద్ రబీఆ దగ్గర ఇల్మ్ కంటే ముందు అదబ్ నేర్చుకోమని చెప్పి పంపారట. మరి మనం? రిజల్టు అడుగుతాం, ఫీజు అడుగుతాం, బస్సు వస్తుందా అని అడుగుతాం. మన బిడ్డను రోజంతా ఎలాంటి మనిషి ముందు కూర్చోబెడుతున్నామో అడగం.

1923లో అల్లామా ఇక్బాల్‌కు 'సర్' బిరుదు వచ్చింది. సియాల్‌కోట్‌లో తనకు చదువు చెప్పిన మౌల్వీ మీర్ హసన్‌కు కూడా 'షమ్సుల్ ఉలమా' ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. ఆ మౌల్వీ ఏం కితాబులు రాశారని అడిగితే, ఆయన రాసిన కితాబును నేనే అన్నారని చెబుతారు.

ప్రతి ఉస్తాదూ ఇలాంటి కితాబులు రాస్తూనే ఉంటాడు. తన దగ్గర ట్యూషన్‌కు వచ్చేవాళ్లకే నంబర్లు వేసేవాడు, గరీబు పిల్లాడి బట్టలు చూసి నవ్వేవాడు కూడా ఓ సబఖ్ చెబుతున్నట్టే. పిల్లలు దాన్నీ నేర్చుకుంటారు.

తప్పంతా ఉస్తాదుల మీదకు నెట్టేయడం కూడా ఇన్సాఫ్ కాదు. ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర మనమే ఉస్తాద్‌ను వెటకారం చేస్తే, రేపు ఆయన చెప్పే మంచి మాట పిల్లల చెవికెక్కుతుందా?

ఈసారి స్కూలు మీటింగుకు వెళ్తే నంబర్ల కాగితం చేతబట్టుకుని వచ్చేయకండి. "మావాడు తోటి పిల్లలతో ఎలా ఉంటున్నాడు? అబద్ధాలాడుతున్నాడా?" అని కూడా అడగండి. మనకు ఏం కావాలో ఉస్తాద్‌కు తెలియాలంటే ముందు మనం అడగాలి కదా.