ఉమ్మనీటి పరీక్ష తర్వాత మంచానికి అంటుకుపోనక్కర్లేదు

సంపాదకులకు,

ఆమ్నియోసెంటెసిస్ (ఉమ్మనీటి పరీక్ష) చేయించుకున్న గర్భిణి రెండు వారాలు మంచం దిగకూడదని గత సంచిక వ్యాసం చెప్పింది. ఈ సలహా సరికాదు.

15 వారాలు నిండాక, స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో తీసేది సుమారు 20 మిల్లీలీటర్ల ఉమ్మనీరు. ఆ లోటు త్వరలోనే పూడుతుంది. ఆ రోజుకు విశ్రాంతి, ఒకటి రెండు రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలు. రోజుల తరబడి పడుకుంటే గర్భస్రావం ఆగుతుందనడానికి ఆధారం లేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజ్ 2021 మార్గదర్శకాల ప్రకారం ఈ పరీక్ష వల్ల గర్భస్రావపు అదనపు ముప్పు 0.5 శాతం లోపే. గర్భస్రావం జరిగినప్పుడు ‘లేచి తిరిగావు కనుకే’ అని కోడలిని నిందించడం ఎంత అన్యాయం!

తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగాలి. జ్వరం, రక్తస్రావం, నీరు కారడం, తీవ్రమైన నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వచ్చే సంచికలో ఈ సవరణ వేయాలని మనవి.

— ఒక పాఠకురాలు