గేటు దగ్గర ఆగిన కెమెరా



సినిమా పుట్టుక గురించి ఎవరు రాసినా ఇద్దరు అన్నదమ్ములతో మొదలుపెడతారు. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు యంత్రం కనిపెట్టారు, ప్రపంచం నోరు తెరిచింది అంటారు. కనిపెట్టారు, మేము కాదనం. (అమెరికా వాళ్ళు ఎడిసన్ పేరు చెబుతారు. ఆ తగవు వాళ్ళే తేల్చుకోనీ.) మరి ఆ అన్నదమ్ముల మొదటి బొమ్మలో కనిపించేది ఎవరో ఒక్క ముక్కలో దాటేస్తారెందుకు?

కార్మికులు! 1895 మార్చిలో లియోన్ నగరంలో తమ సొంత ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా లూమియేర్లు కెమెరా నిలబెట్టారు. ఫోటో ప్లేట్లు తయారయ్యే ఫ్యాక్టరీ అది. పని వదిలిన జనం, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, గేటు దాటి అటూ ఇటూ వెళ్ళిపోతారు. నిమిషం కూడా ఉండదు. ఆ ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపిన పది బొమ్మల్లో ఇదీ ఒకటి. దీన్ని మూడుసార్లు తీశారు. అంటే యజమాని కెమెరా కోసం కార్మికులు మళ్ళీ మళ్ళీ గేటు దాటి నడిచారన్నమాట. తీసినవాళ్ళ పేర్లు బడి పిల్లలకు కూడా తెలుసు. నడిచినవాళ్ళలో ఒక్కరి పేరైనా మన దాకా వచ్చిందా?

ఆరు నెలలు తిరిగేసరికి, 1896 జూలై 7న, ఈ బొమ్మ బొంబాయికి వచ్చింది. వాట్సన్ హోటల్లో ఆ రోజు ఆడిన వాటిలో ఫ్యాక్టరీ వదిలే దృశ్యం కూడా ఉంది. టిక్కెట్టు ఒక రూపాయి. ఆ రోజుల్లో ఇక్కడి మిల్లుల్లో మగ కార్మికుడి పని గంటలకు చట్టంలో హద్దే లేదు. రోజుకు పన్నెండు గంటలన్న హద్దు 1911 చట్టంతో గానీ రాలేదు. కార్మికులు ఇంటికి పోయే బొమ్మను రూపాయి ఇచ్చి చూసిన వాళ్ళలో మిల్లు మనిషి ఒక్కడైనా ఉండి ఉంటాడా? తర్వాత నావెల్టీ థియేటర్లో నాలుగణాల టిక్కెట్టు పెట్టారు. ఈ వ్యాపారం ఇంత మాను అయ్యింది అలాంటి చిల్లర డబ్బులతోనే.

1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర', 1931లో 'ఆలం ఆరా', 1932 ఫిబ్రవరి 6న మన తెలుగు 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. మన మొదటి టాకీ తయారైందీ, మొదట ఆడిందీ ఈ బొంబాయిలోనే. ఇవన్నీ రాజుల కథలు, దేవుళ్ళ కథలు. మిల్లు కథ ఎప్పుడొచ్చింది?

1934లో వచ్చింది. పేరు 'మిల్', 'మజ్దూర్' అని కూడా అంటారు. కథ రాసింది మున్షీ ప్రేమ్‌చంద్, తీసింది మోహన్ భవనానీ. కథానాయకుడు కరీంనగర్‌లో పుట్టిన మన తెలుగు బిడ్డ పైడి జైరాజ్. అదేమీ యజమానులను తరిమికొట్టే కథ కాదు. యజమాని కూతురే కార్మికుల పక్షాన నిలబడుతుంది, చివరికి రాజీ కుదిరి మిల్లు మళ్ళీ తెరుచుకుంటుంది. మమ్మల్ని అడిగితే మెతక కథ అంటాం. అంత మెతక కథను కూడా బొంబాయి సెన్సారు బోర్డు ఆడనివ్వలేదు! అదే ఏడాది వేసవిలో బొంబాయి మిల్లుల్లో సార్వత్రిక సమ్మె నడిచింది. బోర్డు కాగితం మీద ఏ కారణం రాసుకున్నా, భయం దేనికో మనకు ఒకరు చెప్పాలా? గేటు బయట నడిచే కార్మికుణ్ణి చూపితే వింత. గేటు లోపల నోరు విప్పిన కార్మికుణ్ణి చూపితే నేరం. ఆ చిత్రం ప్రతి ఈనాడు దొరకడం లేదు. జైరాజ్‌కు 1980 సంవత్సరపు ఫాల్కే అవార్డు ఇచ్చారు, సంతోషమే. ఈ చిత్రం సంగతి మాత్రం ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు సినిమా గేటు లోపలికి వచ్చింది, మనం బయటపడ్డాక. లోయర్ పరేల్‌లో సాంచెలు ఆడిన ఫీనిక్స్ మిల్లు జాగాలో మాల్ ఉంది, అందులో సినిమా తెరలున్నాయి. 1982 జనవరి 18న సమ్మెకు దిగిన వాళ్ళ మనవలు అక్కడ టిక్కెట్టు ధర చూసి వెనక్కి వస్తున్నారు.

వచ్చే సర్వసభ్య సమావేశం నాడు, లెక్కల నివేదిక చదవడానికి ముందు, ఆ లియోన్ గేటు బొమ్మలు మూడూ యూనియన్ ఆఫీసులో వేస్తాం. మూడు కలిపినా మూడు నిమిషాలు పట్టదు. టిక్కెట్టు లేదు. పిల్లలను వెంట తీసుకురండి.