తాతగారి బాకు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కొన్ని ఇళ్ళలో పాత ట్రంకు పెట్టె అడుగున ఒక సైనికుడి కత్తి ఉంటుంది. దసరాకి దాన్ని బయటికి తీసి, పసుపు కుంకుమలు పెట్టి, మళ్ళీ లోపల పెట్టేస్తారు. దానితోపాటు ఒక కథ కూడా వారసత్వంగా వస్తుంది: తాత యుద్ధానికి వెళ్ళాడు, శత్రువు చేతిలోంచి ఈ బాకు లాక్కుని వచ్చాడు. వారసుల్లో ఒకరికి దాని ధర ఎంతో తెలుసుకోవాలని ఉంటుంది, ఇంకొకరికి తాత ఎక్కడెక్కడ పోరాడాడో తెలుసుకోవాలని ఉంటుంది. ఈ రెంటికన్నా ముందు తేల్చుకోవలసింది, అది ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కోసం తయారైందని. దానికి జవాబు ఇంటి కథలో కాదు, ఇనుము మీద ఉంటుంది. అలాగని ఇనుమును అతిగా నమ్మినా ప్రమాదమే. అది చెప్పేది కత్తి పుట్టుక గురించి మాత్రమే. దాన్ని పట్టుకున్న మనిషి సంగతి కాగితాలు చెప్పాలి. ఈ తేడా పాటించకుండా రాసుకునే కుటుంబ చరిత్రలు ఎంత గొప్పగా ఉన్నా నిలబడవు.

మన ప్రాంతంలో ‘బాకు’ పేరుతో దాచుకున్నవాటిలో కొన్ని నిజానికి బాకులు కావు, తుపాకీ మొనకు తగిలించే బాయొనెట్లు. పిడి దగ్గర అడ్డుకమ్మీకి ఒకవైపు తుపాకీ గొట్టం దూరేంత రింగు, పిడి చివర తగిలించుకునే గాడి, పక్కన నొక్కుడు బొత్తాం కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ భారత సైన్యం చేతిలో ఉన్న లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు తగిలించే 1907 నమూనా బాయొనెట్ వీటిలో ముఖ్యమైనది. దాని అలుగు 17 అంగుళాలు. పిడికి దగ్గరగా ఉక్కు మీద కిరీటం గుర్తు, రాజు పేరు పొడి అక్షరాలు, 1907 అనే అంకె, దాని కింద నెల, సంవత్సరం, విల్కిన్‌సన్, శాండర్‌సన్, చాప్‌మన్ వంటి తయారీదారు పేరు ఉంటాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 1907 తయారైన ఏడాది కాదు, నమూనా ఆమోదం పొందిన ఏడాది. తయారీ తేదీ దాని కింద చిన్న అంకెల్లో ఉంటుంది. రెండో వైపున సర్కారు సొత్తని చెప్పే బాణం గుర్తు, అలుగును వంచి పరీక్షించామని తెలిపే ఇంటూ గుర్తు కనిపిస్తాయి. మొదట్లో అడ్డుకమ్మీ కింది కొస కొక్కెంలా వంగి ఉండేది, 1913లో దాన్ని తీసేశారు. పిడి చివర మట్టి బయటికి పోయేందుకు చిన్న రంధ్రం 1916 నుంచి వచ్చింది. అంకెలు అరిగిపోయినా ఆకారాన్ని బట్టి కాలాన్ని అంచనా కట్టడానికి ఇవి పనికొస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి 17 అంగుళాల అలుగు అనవసరమని తేలింది. భారత సైన్యం పాత అలుగులను 12 అంగుళాల దగ్గర కత్తిరించింది, కొత్తవాటిని పొట్టిగానే చేయించింది. కత్తిరించిన దాన్ని గుర్తుపట్టడం తేలిక: బరువు తగ్గించడానికి అలుగు మీద తీసిన గాడి, మధ్యలో ఆగకుండా మొన దాకా సాగిపోతుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ సరుకు మీద ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలుంటాయి. ఇప్పుడు ఒక ఇంట్లో ‘1917లో మెసపొటేమియాలో తుర్కువాడి దగ్గర లాక్కున్నది’ అని చెప్పే కత్తి మీద ఆర్.ఎఫ్.ఐ., 1942 అని ఉందనుకుందాం. కథ అక్కడితో వీగిపోయినట్టే, అది శత్రువుదీ కాదు, ఆ యుద్ధానిదీ కాదు. అదే అంకె 1916 అయితే కథ నిజమైనట్టేనా? కాదు. బాయొనెట్ సర్కారు సొత్తు. ఒక జవాను తిరిగిచ్చేస్తే బాగుచేసి ఇంకొకరికి ఇచ్చేవారు, అలా మళ్ళీ జారీ చేసిన తేదీలను కూడా కొన్నిసార్లు అలుగు మీదే కొట్టేవారు. పిడి చివర ముద్రలు ఏదైనా దళానివి కావచ్చు, అవీ ఆ కత్తి ఎక్కడెక్కడికి చేరిందో చెబుతాయి గాని తాత పేరు చెప్పవు. లోహం ఒక కథను కొట్టివేయగలదు, ఒక కథను రుజువు చేయడం మాత్రం దాదాపుగా దానివల్ల కాదు.

హైదరాబాద్ పాతబస్తీలోనూ బార్కస్‌లోనూ ఉండే జంబియాల విషయం దీనికి పూర్తిగా తలకిందులు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల నడుముకు వేలాడిన ఈ వంపు బాకులకు ఫ్యాక్టరీ ముద్రలుండవు. పిడి మీది వెండి పనిని బట్టి కొంత ఊహించవచ్చు, అంతే. 1948 తర్వాత ఆ దళాలు రద్దయ్యాయి. ఇక్కడ వంశవృక్షమూ పాత కొలువు కాగితాలూ తప్ప వేరే దారి లేదు.

ఆ కాగితాల దగ్గరే తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు. పంజాబ్ సైనికుల విషయంలో, లాహోర్ మ్యూజియంలో ఉండిపోయిన మొదటి ప్రపంచ యుద్ధపు రిజిస్టర్లు 2021లో బయటికి వచ్చాయి; వాటిలో సుమారు 3,20,000 మంది వివరాలు ఊరూరి వారీగా ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటి సదుపాయం లేదు. పైగా, కొన్ని జాతులవాళ్ళే యుద్ధానికి పనికొస్తారనే ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్ అధికారులు 19వ శతాబ్దం చివర్లో మద్రాసు దళాల్లో తెలుగువాళ్ళను తగ్గిస్తూ వచ్చారు. 1920లు ముగిసేసరికి మద్రాస్ రెజిమెంటే రద్దయింది, మళ్ళీ పుట్టింది రెండో యుద్ధంలో. కాబట్టి మాధవరం వంటి సైనిక గ్రామాన్ని పక్కన పెడితే, రెండు యుద్ధాల్లో వెళ్ళిన మనవాళ్ళను వెతకడానికి పదాతి దళాల జాబితాలు చాలవు. ఇంజనీర్లు, రవాణా, వైద్యం, పయనీర్లు వంటి విభాగాలనూ చూడాలి. నిజాం సంస్థానపు కొలువైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వేరే దారి. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరు, నంబరు, దళం దొరకవచ్చు. తిరిగొచ్చినవారి విషయంలో అన్నిటికన్నా విలువైనది పతకం. మొదటి ప్రపంచ యుద్ధపు పతకం అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. కత్తిని భద్రంగా దాచిన ఇంట్లోనే ఆ పతకం వెండిదని కరిగించేసి ఉండడం ఈ కథల్లోని విషాదం.

ఇలా పరీక్షించడం తాత మాటను అవమానించడమేనని కొందరు బాధపడతారు. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే, కానీ కారణం సరైనది కాదు. ఆ మాట తాతదేనా, ఆయన తర్వాత మూడు నోళ్ళు మారి పెరిగినదా అన్నది మొదట తేలాలి. 1942 నాటి కత్తి మెసపొటేమియా కథతో కలిసిందంటే, ఇద్దరు మనుషుల కథలు కలిసిపోయి ఉండవచ్చు: ఒకరు ఒక యుద్ధంలో, మరో తరంవాడు ఇంకో యుద్ధంలో. మరచిపోయిన రెండో మనిషి ఈ పరీక్షవల్లే బయటపడతాడు. పరాయి సామ్రాజ్యం కోసం పోరాడినవాళ్ళ చరిత్ర మనకెందుకన్న అభ్యంతరమూ ఉంది. జీతం కోసమో, కరవు తట్టుకోలేకో వెళ్ళినవాళ్ళ గురించి తెలిస్తేనే ఆ సామ్రాజ్యం మన ఊళ్ళ నుంచి ఏం తీసుకుందో లెక్క తేలుతుంది. కథను గొప్ప చేసుకోవడం ఆ లెక్కకు అడ్డు.

చట్టం భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అలుగున్న బాకులు, బాయొనెట్లు ప్రత్యేక వర్గంలోకి వస్తాయి. 1959 నాటి ఆయుధాల చట్టం నాలుగో సెక్షన్ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. మీ ప్రాంతం ఆ పరిధిలో ఉందో లేదో స్టేషన్‌లో కనుక్కోవడం మంచిది. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, దాన్ని సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు. ఈలోగా ఎవరి చేతనూ సాన పట్టించవద్దు, చింతపండుతో తోమవద్దు. ఏటవాలు వెలుతురులో ముద్రలకు ఫోటో తీసి, ఇంటి కథను ఎవరు ఎవరికి చెప్పారో ఆ వరసతో విడిగా రాసి, రెండింటినీ కలపకుండా ఒకే కవరులో పెట్టండి.