పడవకు ముందు రెండు రోజులు

చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు సర్దటం ఒక ఎత్తు, వాళ్ళకు ఊరు చూపించటం ఒక ఎత్తు. ఓరుగల్లులో కాపురం వుంటున్నవాళ్ళకు ఈ రెండో పని తరచు తగులుతూ వుంటుంది. వేయిస్తంభాల గుడి వుంది, కోట వుంది, భద్రకాళి వుంది, దగ్గరలో రామప్ప వుంది. పైగా ఈమధ్య కొందరు మా వూరిని ఒక మజిలీగా పెట్టుకుంటున్నారు. "రెండు రోజులు మీ యింట్లో వుండి వరంగల్లు చూసుకుని, అటునించి అటే భద్రాచలం పోయి పాపికొండల లాంచీ ఎక్కుతాం" అంటారు. వినటానికి ఇంతకన్న మంచి ఏర్పాటు లేదు. చిక్కల్లా ఆ రెండు రోజుల్లోకి ఎన్ని కుక్కాలి అన్న దగ్గర వస్తుంది.

మా బావమరిది ఒంగోలులో బ్యాంకి ఉద్యోగి. లెక్కలు తెలిసిన మనిషి. క్రిందటి డిసెంబరులో కుటుంబంతో వస్తున్నానని కబురుచేసి, ఆ రాత్రే సెల్‌ఫోనుకు ఒక జాబితా పంపించాడు. రెండు రోజులకు 16 చోట్లు. పొద్దున ఆరు గంటలనుంచి రాత్రి తొమ్మిదింటిదాకా ప్రతి చోటికీ నిమిషాలతో సహా కేటాయింపు. భోజనానికి 25 నిమిషాలు. రైల్వేవారు కూడా ఇంత నమ్మకంగా టైంటేబుల్ వెయ్యరు. అన్నిటికన్న కింద రెండు వాక్యాలు రాశాడు. "అమ్మ నడవలేదు కనుక ఊళ్ళో తిరిగేటప్పుడు మీ యింట్లోనే వుంటుంది. లాంచీ సంగతి భద్రాచలం వెళ్ళాక చూద్దాం."

ఆ కింది వాక్యాన్ని మా ఆవిడ నాలుగుసార్లు చదివింది.

"చూద్దాం అంటే ఏమిటండీ అర్థం?"

"ఆవిణ్ణి సత్రం గదిలో కూచోబెట్టి వీళ్ళు లాంచీ ఎక్కుతారని" అన్నాను. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. ఆ మాత్రం వ్యాఖ్యానం నాకు తప్పదు.

మా అత్తగారికి 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మామగారు వున్నన్నాళ్ళూ ప్రతి వేసవిలోనూ "వచ్చే యేడు నిన్ను గోదావరిమీద పడవలో తిప్పుతా" నంటూ వచ్చారు. ఆ వచ్చే యేడు రాకుండానే ఆయన వెళ్ళిపోయారు. అసలు ఈ ప్రయాణం మాట ఎత్తింది కూడా ఆవిడే. ఇప్పుడు టైము కలిసిరావటం లేదని ఆవిడ పేరే ముందు కొట్టివేయటం మా ఆవిడకు ఎలా వుంటుందో చెప్పనక్కర లేదు.

"మీరు మాట్లాడండి. నేను మాట్లాడితే అక్కాతమ్ముళ్ళ తగువవుతుంది" అంది.

సరే, ఆ జాబితాను జవాబుపత్రంలా ముందు పెట్టుకుని ఎర్రసిరా కలం తీశాను.

పడవ ప్రయాణానికి ఏర్పాటు ఎప్పుడూ వెనకనుంచి వేసుకురావాలి. గుడి సాయంత్రం కాకపోతే మర్నాడు పొద్దున వుంటుంది. పడవ అలా కాదు. సముద్రంమీద వెళ్ళే పెద్ద ఓడలకూ ఇదే సూత్రం. 2022లో విశాఖపట్నంనుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి కార్డీలియా వారి ఓడ తిరిగినప్పుడు, వేరే ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళలో తెలివైనవాళ్ళు ఒకరోజు ముందే విశాఖ చేరుకున్నారు. రైలు ఆలస్యమైందంటే ఓడ ఆగదు గదా.

మా లెక్క ఇలా వచ్చింది. భద్రాచలం వైపునుంచి వెళ్ళేవాళ్ళకు లాంచీ పోచవరం దగ్గర వుంటుంది. భద్రాచలంనుంచి అక్కడికి రోడ్డు మీద సుమారు రెండు గంటలు. పొద్దున అక్కడ వుండాలంటే ముందు రాత్రి భద్రాచలంలో నిద్ర చెయ్యాలి. చీకటి పడకముందే గది చేరుకుంటే ముసలివాళ్ళకు సుఖం. వరంగల్లునుంచి ములుగు, ఏటూరునాగారం, మణుగూరు మీదుగా భద్రాచలం దాదాపు 200 కిలోమీటర్లు. అంటే పొద్దున్నే మా యింట్లో బయలుదేరాలి. దీన్నిబట్టి మా బావమరిది రెండు రోజులనుకున్నది నిజానికి ఒకటిన్నర రోజు. వచ్చినరోజు మధ్యాహ్నం రైలు బడలికకు పోతుంది. 16 చోట్లలో సగం అక్కడే రాలిపోయాయి.

తరవాత రామప్ప. దాన్ని అతను రెండోరోజు వెళ్ళి రావటంగా పెట్టాడు. చాలామంది ఇలాగే చేస్తారు. పాలంపేటకు 70 కిలోమీటర్ల చిల్లర వెళ్ళి, అంత దూరమూ వెనక్కు వచ్చి, మర్నాడు భద్రాచలానికి మళ్ళీ అదే రోడ్డు పడతారు. రామప్ప ములుగు దాటాక దారికి కొంచెం పక్కగా వుంది. దాన్ని ప్రయాణంరోజున చూసుకుంటే ఒక రాకపోక మిగులుతుంది. ఒక పూట మిగులుతుంది. అత్తగారి మోకాళ్ళూ మిగులుతాయి.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగేటప్పుడు ఈ దారిన తీరిగ్గా పోదామనుకోకండి. శ్రీరామనవమికీ, ముక్కోటి ఏకాదశికీ భద్రాచలంలో గది దొరకటం కష్టం. గోదావరికి వరదలు వచ్చే రోజుల్లో లాంచీలు నిలిపేస్తారు. బయలుదేరేముందు ఈ మూడూ విచారించుకోవాలి.

ఎర్రసిరా పని ముగిసేసరికి వూళ్ళో మూడు చోట్లు, దారిలో ఒకటి మిగిలాయి. భద్రకాళి, వేయిస్తంభాల గుడి, కోట, ఆపైన రామప్ప. బావమరిదికి ఫోను చేశాను.

"పన్నెండు కొట్టేశారేమిటి బావగారూ! ఇంత దూరం వచ్చి నాలుగే చూస్తామా?"

"ఆరుగురం నాలుగు చూద్దాం. అయిదుగురు పదహారు చూసేకన్న నయం కదా?"

అవతల కాసేపు మాట వినిపించలేదు. ఆరోమనిషి ఎవరో అతనికి తెలుసు. "అమ్మ వస్తుందంటారా?" అన్నాడు చివరకు, మెల్లగా. చెడ్డవాడు కాదు. అమ్మకు ఎక్కడ ఏమవుతుందోనన్న భయం కూడా ఆ జాబితాలో వుందని అప్పుడు అర్థమైంది.

వచ్చినరోజు సాయంత్రం భద్రకాళి దర్శనం తప్ప మరేమీ పెట్టుకోలేదు. మర్నాడు ఎండ ఎక్కకముందే వేయిస్తంభాల గుడికి వెళ్ళాం. అక్కడ చెప్పులు విడిచి రాతిమీద నడవాలి. మిట్టమధ్యాహ్నం వెళితే శిల్పం మాట దేవుడెరుగు, అరికాళ్ళే జ్ఞాపకం వుంటాయి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. ఎదుట వున్న కల్యాణమంటపాన్ని విప్పదీసి రాయి రాయి మళ్ళీ పేర్చి నిలబెట్టే పని ఏళ్ళ తరబడి సాగి 2024లో ముగిసింది. అత్తగారు నంది దగ్గర కూర్చున్నారు. మేం తిరిగి వచ్చేసరికి పక్కన కూర్చున్న పర్కాల ముసలావిడతో కూతుళ్ళ పురుళ్ళదాకా వెళ్ళిపోయారు. "నాకు ఇక్కడ బాగుంది. మీరు ఇంకోసారి చూసి రండి" అన్నారు.

మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నారు. బావమరిదికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ సమయానికి అతని జాబితా ప్రకారం వుండవలసిన చోట్లు తలుచుకుంటూ అటూ ఇటూ పచార్లు చేశాడు.

సాయంత్రం కోట. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిచి వున్నాయి. నడుమ వుండిన స్వయంభూదేవుడి గుడి రాళ్ళయి పరుచుకుని వుంది. కోట లోపల ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. పిల్లలు తోరణాన్ని చూడగానే, "మామయ్యా, ఇది తెలంగాణా ముద్రలో వుందిగదా!" అన్నారు. అవును, 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ తోరణాన్ని చిహ్నంలో పెట్టుకున్నారు.

నేను వాళ్ళకు వేరొక సంగతి చెప్పాను. ఒంగోలుకు ఉత్తరాన, చీరాలకు దగ్గరలో మోటుపల్లి అనే సముద్రపు రేవు వుంది. ఈ కోటనుంచి ఏలిన గణపతిదేవుడు 13వ శతాబ్దంలో అక్కడ ఓడవర్తకులకు ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు కొట్టుకువచ్చి ఓడ ఒడ్డునపడితే అందులోని సరుకంతా రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు, మేం మీదగ్గర న్యాయమైన సుంకం తప్ప ఏమీ పుచ్చుకోం, ధైర్యంగా రండి అన్నాడు. ప్రాణం కన్న ధనం ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చేవాళ్ళ ధనాన్ని కాపాడాలని ఆ రాజుకు తోచింది.

"అయితే ఈయనది మా వూరివైపే అన్నమాట!" అన్నాడు పెద్దవాడు. కోట పరాయివూరిది కాకుండా పోయింది. ఆ తరవాత వాణ్ణి అక్కడినుంచి కదిలించటం కష్టమైంది. జాబితాలో కోటకు 40 నిమిషాలు ఇచ్చివుంది. మేం పొద్దు గూకేదాకా వున్నాం.

మర్నాడు పులిహోరా, సకినాలూ కట్టుకుని తెల్లవారుతూనే బయలుదేరాం. రామప్ప 1213 నాటిది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుక నీళ్ళలో తేలేంత తేలిక. 2021 జులైలో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. ఇక్కడి నర్తకుల శిల్పాలను చూసి నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. మంటపంలో స్తంభానికి ఆనుకుని అత్తగారు ఆ మదనికలను చాలాసేపు చూశారు. "ఎంత బరువు మోస్తున్నా ఒక్కదాని మొహంలోనూ విసుగు లేదర్రా" అన్నారు. నేను క్లాసులో గంటసేపు చెప్పినా ఆ మాట రాదు.

ఏటూరునాగారం దాటాక గోదావరి దగ్గరవుతుంది. చెట్ల సందున మొదటిసారి నీళ్ళు మెరిసినప్పుడు ఆవిడ చేతులు జోడించారు. పొద్దుండగానే భద్రాచలం చేరుకున్నాం.

ఆ రాత్రి రాములవారి దర్శనమై వచ్చాక మర్నాటి మాట వచ్చింది. "లాంచీలో జాకెట్లు ఇస్తారట బావగారూ. ఉక్కపోత. ఫోటోల్లో కూడా బాగుండదు. ఎక్కేటప్పుడు వేసుకుని తరవాత తీసేద్దాం" అన్నాడు బావమరిది.

పిల్లలు నిద్రపోయాక చెప్పాను. 2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మనుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ట అనే లాంచీ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అప్పుడు నదికి వరద వుంది. ఎక్కినవాళ్ళలో సగానికి పైగా తిరిగి రాలేదు. ఆ లోతులోనుంచి లాంచీని పైకి తీయటానికి అక్టోబరు 22దాకా పట్టింది. "ఆ లాంచీలో మా కడిపికొండవాళ్ళు వున్నారు. నువ్వు దిగిన కాజీపేట స్టేషనుకు పక్కనే ఆ వూరు. అందరూ ఒక వూరివాళ్ళు, నీలాగే సరదాగా బయలుదేరినవాళ్ళు. అందులో ఇంటికి రానివాళ్ళు వున్నారు. అంచేత నేను మాత్రం దిగేదాకా జాకెట్ తీయను" అన్నాను.

అతను బదులు చెప్పలేదు. మర్నాడు పోచవరంలో మెట్లు దిగేటప్పుడు వాళ్ళమ్మను రెండో పక్కనుంచి పట్టుకున్నాడు. లాంచీ కదలకముందే తన చేతులతో ఆవిడకు జాకెట్ తొడిగి, ముళ్ళు రెండుసార్లు లాగి చూశాడు. పిల్లలకూ తొడిగాడు. ఎవరైనా తీయబోతే కేకలువేసే పని కూడా తనే తీసుకున్నాడు.

పేరంటపల్లిలో లాంచీ ఆపారు. అందరం దిగి రామకృష్ణ మునివాటం వున్న శివాలయానికి వెళ్ళాం. అత్తగారు దిగలేదు. మా ఆవిడ పక్కన వుంటానంటే వద్దని పంపేశారు. మేం వెదురుబొమ్మలు బేరమాడుకుని వచ్చేసరికి, ఆ నారింజరంగు జాకెట్‌తో కిటికీ దగ్గర ఒక్కరే కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నారు.

"ఒక్కదానివే విసుగెత్తిందేమో అమ్మా!" అన్నాడు బావమరిది.

"ఒక్కదాన్నేమిట్రా, మీ నాన్నకు అన్నీ చెబుతున్నాను" అన్నారావిడ.

అటు తరవాత రెండు కొండల మధ్య నది సన్నబడి, నీళ్ళు పచ్చబడి, లాంచీలో పాటలు పెట్టినవాడు కూడా పాట ఆపేసినంతసేపూ అతను వాళ్ళమ్మ పక్కనే కూర్చున్నాడు. ఆ పూట ఫోటోలు తక్కువ వచ్చాయి.

సంక్రాంతికి అతని దగ్గరనుంచి మళ్ళీ ఒక జాబితా వచ్చింది. ఈసారి పాకాల చెరువు, లక్నవరం, పోతనగారి బమ్మెర, కొత్తవాడ తివాచీలు - నాలుగే పేర్లు. మూడు రోజులు. అన్నిటికన్న పైన రాసివుంది: "అమ్మ వస్తుంది."

ఎర్రసిరా కలం తీయవలసిన పని పడలేదు.