మన పొదుపు మీద పెత్తనం ఎవరిది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో సంఘాల మహిళలతో మాట్లాడేటప్పుడు నేనొక మాట అడుగుతుంటాను. బ్యాంకులో మనం దాచుకున్న డబ్బు ఎవరికి అప్పుగా పోవాలో చెప్పే హక్కు మనకుందా? లేదు. పొదుపు కట్టించుకునేటప్పుడు ఎవరూ పాసుపుస్తకం అడగరు. ఒంటరిగా వెళ్లి అప్పు అడిగితే మాత్రం భూమి కాగితాలో, బంగారమో చూపించాలి. చాలామంది ఇళ్లలో ఆ భూమి భర్త పేరనో, మామ పేరనో ఉంటుంది.

1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానంతో సంఘాలకు హామీ లేని అప్పులు అందాయి. ఆ మేలును కాదనడం లేదు. అయితే ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి అన్న నిర్ణయం బ్యాంకుదే. అక్కడ ఆలస్యమైతే ఫైనాన్సు వాళ్లు గడపెక్కుతారు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు ఎంత దూరం వెళ్లాయంటే, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

దీనికి ప్రత్యామ్నాయం సభ్యులే యజమానులైన పొదుపు సహకార సంఘం. విదేశాల్లో క్రెడిట్ యూనియన్ అనేది ఇలాంటిదే. 1973లో అమెరికాలోని డెట్రాయిట్ స్త్రీలు తమ కోసం ఒకటి పెట్టుకున్నారు. 1974లో అహ్మదాబాదులో 'సేవ' సభ్యులైన శ్రామిక స్త్రీలు సొంత సహకార బ్యాంకు ఏర్పాటు చేసుకున్నారు. మనకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. దాని కింద నమోదైన సంఘంలో ప్రభుత్వ వాటా ధనం ఉండదు. ఎంత పొదుపు ఉన్నా ఒక మనిషికి ఒకే ఓటు. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు 1990ల నుంచే ఈ దారిన నడిచాయి.

అలాగని సహకారం అన్న పేరు చూసి ఉన్నదంతా కట్టేయకూడదు. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు కూలిపోయి డిపాజిటుదారులు వీధిన పడ్డారు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది, సహకార బ్యాంకులకూ అది వర్తిస్తుంది. మన పొదుపు సంఘాలకు ఆ రక్షణ లేదు. అక్కడ కాపలా కాయవలసింది మనమే.

అందుకే నా సలహా ఇది. ఉపాధి కూలి పడే బ్యాంకు ఖాతాను మూయకండి. ఆపదకు దాచుకున్నది అక్కడే ఉంచండి. నెలనెలా మిగిలే దాంట్లో కొంత సంఘానికి మార్చండి. చేరేముందు నాలుగు సంగతులు అడగండి. ఏటా ఆడిట్ జరుగుతోందా? లెక్కలు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తున్నారా? పాలకవర్గానికి సకాలంలో ఎన్నికలు పెడుతున్నారా? పాలకవర్గం వాళ్ల సొంత అప్పులెన్ని, బకాయిలెన్ని? జవాబు చెప్పడానికి తటపటాయించే చోట రూపాయి కూడా కట్టవద్దు.

ఇంట్లో డబ్బు లెక్క మగవాడిది, బయట మేనేజరుది అన్నట్టుగానే ఇంతకాలం గడిచింది. చదువు రాని సభ్యురాలు కూడా సమావేశంలో లేచి 'నా డబ్బు ఎక్కడుందో చెప్పండి' అని అడగగలిగితే, ఇంట్లో ఆ ప్రశ్న వేయడానికి ఆమెకు ఎక్కువ కాలం పట్టదు.